మద్యం మానాలనుకునేవారు తమకు సరిపోయే మీటింగ్‌ను వెతుక్కోవడం ఎలా: నల్లగొండ, పాలమూరు ప్రాంతాల వారికి సమగ్ర మార్గదర్శి

అయ్యప్ప మాల వేసుకుని నలభై ఒక్క రోజులు చుక్క ముట్టని మనిషి, శబరిమల నుంచి తిరిగివచ్చి మాల తీసిన సాయంత్రమే బెల్టు షాపు ముందు నిలబడటం మన ఊళ్లలో ఎవరికీ కొత్త దృశ్యం కాదు. అతనికి మనోబలం లేదని ఇంటివాళ్లూ, ఊరివాళ్లూ ఒక్క మాటలో తేల్చేస్తారు. కానీ ఆ నలభై ఒక్క రోజులూ అతను ఒంటరిగా మానలేదన్న సంగతి ఎవరూ గమనించరు. తెల్లవారుజామున లేపి చన్నీళ్ల స్నానానికి తీసుకుపోయేవారు ఉన్నారు, సాయంత్రం కాగానే భజనకు పిలిచేవారు ఉన్నారు, దారి తప్పితే నిలదీసే గురుస్వామి ఉన్నాడు, ఎదురుపడిన ప్రతివాడూ 'స్వామీ' అని పలకరించాడు. మాల తీసిన రోజున ఆ తోడు మొత్తం ఒక్కసారిగా చెదిరిపోయింది. సాయంత్రం ఆరున్నరకు ఎక్కడికి పోవాలో తెలియని మనిషి తనకు తెలిసిన చోటికే పోయాడు.

మద్యం మానాలనుకునేవారు మీటింగ్‌లలో కలుసుకునే సహాయక బృందం చేసే పని ముఖ్యంగా ఇదే. మాల తీసే రోజు అంటూ లేని తోడును అది ఇస్తుంది. అయితే అన్ని బృందాలూ అందరికీ సరిపోవు. నల్లగొండలోనో, వనపర్తిలోనో ఉంటూ వెతికేవారికి హైదరాబాద్‌లో ఉండేవారికి లేని చిక్కులు కొన్ని ఉంటాయి. ఊరు చిన్నది, బస్సు వేళలు తక్కువ, తెలిసిన ముఖాలు ఎక్కువ. వాటిని దృష్టిలో పెట్టుకునే ఈ మార్గదర్శిని రాస్తున్నాను. మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని కొన్నాళ్లు ఇలా తిరిగినవాణ్ణి కాబట్టి, అప్పుడు తెలియక చేసిన పొరపాట్లను కూడా అక్కడక్కడా చెబుతాను.

ముందు డాక్టరు, తర్వాత మీటింగ్

రోజూ పొద్దున్నే తాగితే తప్ప చేతుల వణుకు ఆగని స్థితిలో ఉన్నవారు, మీటింగ్‌కు పోవాలన్న పట్టుదలతో ఒక్కసారిగా మానేయడం ప్రమాదకరం. చివరిసారి తాగిన ఆరు గంటల నుంచే వణుకు, చెమటలు, గుండె దడ మొదలుకావచ్చు. 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ వచ్చే అవకాశం ఉంటుంది. 48 నుంచి 96 గంటల మధ్య కొందరిలో మనిషి మనిషిలా ఉండడు. లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి, జ్వరం, తీవ్రమైన కలవరం వస్తాయి. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. మన దిక్కు చాలామంది దీన్ని గాలి సోకడమని భ్రమపడి తాయెత్తు కట్టించి కూర్చుంటారు. చికిత్స అందకపోతే ప్రాణమే పోతుంది. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవారు ఈ పని ఇంట్లో అస్సలు చేయకూడదు. లక్షణాలు ముదిరితే 108కి ఫోన్ చేయాలి.

పాలమూరు వారు అదనంగా గమనించవలసిన సంగతి కల్తీ కల్లు. "నేను మందు ముట్టను, కల్లొక్కటే తాగుత" అని ఎంతోమంది ధీమాగా చెబుతారు. చెట్టు నుంచి దించిన కల్లుకూ, అల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన డిపో కల్లుకూ పోలికే లేదు. ఆ మత్తుమందులకు అలవాటుపడిన శరీరం ఒక్కరోజు అవి అందకపోయినా తిరగబడుతుంది. నిద్ర పట్టదు, పొంతన లేకుండా మాట్లాడతారు, ఫిట్స్ వస్తాయి. అందువల్ల డాక్టరు దగ్గర "కల్లే సార్" అని ఊరుకోకుండా, రోజుకు ఎన్ని సీసాలు, ఏ డిపోవి, ఎన్నేళ్లుగా అన్నది దాచకుండా చెప్పాలి. ఈ మత్తుమందులను డాక్టరు మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తారు.

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లోని ప్రభుత్వ వైద్య కళాశాలల అనుబంధ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగానికి వెళ్లి ఓపీ చీటీ తీసుకోవచ్చు. పరిస్థితి తీవ్రంగా ఉంటే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల ఉండనే ఉంది. 'ఎర్రగడ్డ' అన్న మాట మన దగ్గర తిట్టుగా మారిపోవడం వల్ల ఎంతమంది చికిత్సకు దూరమయ్యారో లెక్కే లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల ఏర్పడే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యం నిర్వచనంలో చేర్చింది, రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా చెప్పింది. కాబట్టి చికిత్స కోరడం మీ హక్కు. ఎక్కడికి పోవాలో తోచనివారు పగలైనా, రాత్రయినా 14416 టెలీ మానస్ నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వ్యసన విముక్తి కోసమే కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే టోల్‌ఫ్రీ నంబరు 14446.

ఇక్కడే ఒక హెచ్చరిక. తాగేవారికి తెలియకుండా అన్నంలోనో, చాయలోనో 'మందు మాన్పించే మందు' కలపడం చాలా ఇళ్లలో జరుగుతోంది. అందులో డైసల్ఫిరామ్ ఉంటే, దాని మీద మద్యం తాగిన మనిషికి వాంతులు, గుండె దడ, రక్తపోటు పడిపోవడం వంటివి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. రోగికి తెలిసి, రోగి ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వాడవలసిన మందు అది.

ఏయే బృందాలు ఉన్నాయి

అందరికీ తెలిసినది ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో, తాగుడుతో చితికిపోయిన ఒక స్టాక్ బ్రోకరూ ఒక సర్జనూ కలిసి దీన్ని మొదలుపెట్టారు. ఒక తాగుబోతు మాట ఇంకొక తాగుబోతే వింటాడని వాళ్లు కనిపెట్టారు. 1957 నుంచి ఇది మన దేశంలోనూ ఉంది. సభ్యత్వానికి ఒకే ఒక్క అర్హత కావాలి. అది తాగడం మానాలన్న కోరిక. ప్రవేశ రుసుము గాని, నెలవారీ చందా గాని లేవు. మీటింగ్ చివర ఒక సంచీ తిరుగుతుంది. ఉన్నవారు పదో ఇరవయ్యో వేస్తారు, లేనివారు పక్కవారికి అందిస్తారు. బయటివారి నుంచి విరాళాలు తీసుకోరు. కులం, మతం, పార్టీ ప్రస్తావన ఉండదు. ఇంటిపేరు అడగరు.

మానడానికి ఒక్కొక్కటిగా ఎక్కవలసినవిగా ఏఏ చెప్పే పన్నెండు మెట్ల పద్ధతిలో దైవం ప్రస్తావన ఉంటుంది. ఆ దైవం ఎవరన్నది ఎవరికి వారే తేల్చుకుంటారు. రామలింగేశ్వరుణ్ణి తలిచేవాడూ, అల్లాను తలిచేవాడూ, ఏసును తలిచేవాడూ, ఏ దేవుణ్ణీ నమ్మని ఎర్రజెండా మనిషీ ఒకే బల్ల చుట్టూ కూర్చునే చోటు అది. మన దేశంలో కొన్ని మీటింగ్‌లు చర్చి హాళ్లలో జరుగుతాయి కాబట్టి "మతం మార్చిస్తరట" అన్న పుకారు అప్పుడప్పుడూ వినిపిస్తుంది. చర్చి ఆ గదిని ఇస్తుంది, అంతే. మీటింగ్‌కూ ఆ మతానికీ సంబంధం లేదు.

దైవం మాట బొత్తిగా పడనివారికి 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ వంటి బృందాలు ఉన్నాయి. ఆలోచనల్లోని వంకరలను గుర్తించి, తాగాలన్న కోరికను తర్కంతో ఎదుర్కోవడం వాటి పద్ధతి. అయితే మన ప్రాంతం వారికి అవి అందేది దాదాపుగా ఆన్‌లైన్‌లోనే, అదీ ఎక్కువగా ఇంగ్లీషులోనే. కల్తీ కల్లు వల్లనో, మాత్రల వల్లనో మత్తుమందులకు అలవాటుపడినవారు 1953లో మొదలైన నార్కోటిక్స్ అనానిమస్ మీటింగ్‌లను కూడా చూడవచ్చు. ఇవి కాక, ఆసుపత్రుల్లో డాక్టర్లు, కౌన్సెలర్లు నడిపే గ్రూపు సమావేశాలు వేరు. అక్కడ ఒక నిపుణుడు నడిపిస్తాడు. ఏఏలో నడిపేవాడు కూడా ఒకప్పుడు తాగినవాడే.

ఇక డీ అడిక్షన్ సెంటర్, సహాయక బృందం ఒకటి కావు. సెంటర్‌లో కొన్ని వారాలు ఉంచి చికిత్స చేస్తారు, చాలాచోట్ల డబ్బు తీసుకుంటారు. బృందానికి మీరే నడిచిపోతారు, మీరే తిరిగివస్తారు. సెంటర్ నుంచి వచ్చిన మరునాటి నుంచే మీటింగ్‌లకు పోవడం మొదలుపెట్టకపోతే అక్కడ పెట్టిన ఖర్చు చాలామట్టుకు వృథా అవుతుందని నా అభిప్రాయం.

ఈ మీటింగ్‌ల వల్ల నిజంగా ఫలితం ఉంటుందా అని అడిగే చదువరులు ఉంటారు. వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2020లో వెలువరించిన సమీక్ష 27 అధ్యయనాలను, వాటిలోని 10,565 మందిని పరిశీలించింది. పూర్తిగా మానేసి అలాగే కొనసాగడం అన్న ఒక్క విషయంలో, పద్ధతి ప్రకారం ఏఏకు మళ్లించే చికిత్సలు ఇతర మానసిక చికిత్సలతో సమానంగానో, అంతకంటే మెరుగ్గానో పనిచేశాయని అది తేల్చింది.

ఎక్కడ వెతకాలి

మనవాళ్లు ఏది వెతికినా ముందు హైదరాబాద్ వైపే చూస్తారు. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. వారానికొకసారి పోగలిగినవారికి అక్కడ తెలుగు, హిందీ, ఇంగ్లీషు మీటింగ్‌లు మూడూ దొరుకుతాయి. నల్లగొండ బస్సులు దిల్‌సుఖ్‌నగర్ మీదుగా, పాలమూరు బస్సులు షాద్‌నగర్, ఆరాంఘర్ మీదుగా పోతాయి కాబట్టి నగరంలో ఆ దిక్కున ఉన్న మీటింగ్‌నే ముందు అడగండి. సికింద్రాబాద్ అవతలి చివరన ఉన్న మీటింగ్‌ను ఎంచుకుంటే బస్సుల్లోనే రోజు గడిచిపోతుంది, మూడో వారానికి విసుగు పుడుతుంది.

కానీ మన పాత రెండు జిల్లాల అంచుల్లో ఉన్నవారికి హైదరాబాదే దగ్గర కాదు. గద్వాల, అలంపూర్ వారికి కర్నూలు దగ్గర. నారాయణపేట, మక్తల్ వారికి రాయచూరు దగ్గర. కోదాడ, హుజూర్‌నగర్ వారు ఖమ్మం వైపు, విజయవాడ వైపు కూడా వాకబు చేయాలి. జిల్లా సరిహద్దు, రాష్ట్ర సరిహద్దు ఈ విషయంలో అడ్డు కాకూడదు. పైగా పరాయి ఊరి మీటింగ్‌లో తెలిసినవారు తగిలే భయం తక్కువ.

వాకబు చేసే దారులు నాలుగైదు ఉన్నాయి. ఏఏ భారత కేంద్ర కార్యాలయం ముంబైలో ఉంది. వారి వెబ్‌సైట్‌లోనూ, హెల్ప్‌లైన్‌లోనూ ఊరు చెబితే దగ్గరి మీటింగ్ వివరాలు, స్థానికంగా మాట్లాడే సభ్యుల నంబరు ఇస్తారు. పైన చెప్పిన రెండు టోల్‌ఫ్రీ నంబర్లలో కూడా అడగవచ్చు. ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలోని కౌన్సెలరుకు, సోషల్ వర్కరుకు చాలాసార్లు డాక్టరుకంటే ఎక్కువ తెలిసి ఉంటుంది. వార్డులో పాత రోగులు ఎవరు నిలబడ్డారో, ఎక్కడికి పోతున్నారో వాళ్లకే తెలుసు. ఊళ్లో ఒకప్పుడు బాగా తాగి, ఇప్పుడు మానేసి, పెళ్లిళ్లలో కూడా సోడాతో సరిపెట్టుకునే మనిషి ఎవరైనా ఉంటే, ఒంటరిగా దొరికినప్పుడు నెమ్మదిగా అడగండి. అతని వెనుక ఒక బృందం ఉండి ఉండవచ్చు.

వలస పోయేవారి సంగతి మరవకూడదు. పాలమూరు లేబర్‌గా ముంబై, పుణె పోయినవారు, అక్కడి అడ్డా మీద తాగుడు ముదిరినవారు, ఊరికి వచ్చాక మానుదామని వాయిదా వేస్తుంటారు. నిజానికి ముంబైలో ఏఏ మీటింగ్‌లు మన ఊళ్లలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. హిందీ అర్థమైతే చాలు. పని ఉన్న చోటే మొదలుపెట్టి, ఊరికి వచ్చేటప్పుడు ఇక్కడి మీటింగ్ నంబరు అక్కడి సభ్యుల నుంచే తెచ్చుకోవడం మంచిది.

ఫోన్ చేసినప్పుడు

మొదటిసారి మా తమ్ముణ్ణి తీసుకుని, పాత జాబితాలో చూసిన చిరునామాకు తొంభై కిలోమీటర్లు ప్రయాణించి చేరేసరికి ఆ గదికి తాళం వేసి ఉంది. మీటింగ్ వేరే చోటికి మారి ఏడాదైందట. వాడు ఏమీ అనలేదు గాని, తిరుగు ప్రయాణంలో బస్సు ఆగిన చోటల్లా వాడి చూపు ఎటు పోతున్నదో నేను చూశాను. అప్పటి నుంచి, ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేసి మీటింగ్ ఉందని రూఢి చేసుకోనిదే బస్సు ఎక్కలేదు. మీరూ ఎక్కకండి.

ఫోన్‌లో ఎలా మాట్లాడాలో తెలియక ఎంతోమంది నంబరు నొక్కి కట్ చేస్తారు. ప్రత్యేకంగా మాట్లాడవలసింది ఏమీ లేదు. సంభాషణ సాధారణంగా ఇలా సాగుతుంది:

"అన్నా, నమస్తే. నేను మిర్యాలగూడ దిక్కు నుంచి మాట్లాడుతున్న. తాగుడు బంద్ చేద్దామనుకుంటున్న. మీ మీటింగుకు కొత్తోళ్లు రావొచ్చునా?"

"ఎందుకు రావద్దు తమ్మీ. నీ కోసమే గదా పెట్టుకున్నది. తాగకుంట వస్తే మంచిది. తాగినా సరే రా, ఓ మూలకు కూసొని విను, గంతే."

"పేరు రాసుకుంటరా?"

"ఒట్టి పేరు చెప్పు, చాలు. అది గూడ నీ ఇష్టం."

ఆ తర్వాత అడగవలసినవి కొన్ని ఉన్నాయి. మీటింగ్ ఓపెనా, క్లోజ్డా అన్నది మొదటిది. ఓపెన్ మీటింగ్‌కు ఇంటివారు, స్నేహితులు ఎవరైనా రావచ్చు. క్లోజ్డ్ మీటింగ్‌లో తాగుడు సమస్య ఉన్నవారు మాత్రమే కూర్చుంటారు. తోడు లేకుండా రానని మొండికేసే మనిషికి మొదటిసారి ఓపెన్ మీటింగే తగినది. ఏ భాషలో మాట్లాడుకుంటారో, ఎంతసేపు జరుగుతుందో అడగండి. సాధారణంగా గంట నుంచి గంటన్నర ఉంటుంది. అది ముగిశాక మీ ఊరికి ఆఖరి బస్సు దొరుకుతుందో లేదో లెక్క వేసుకోండి. బస్సు తప్పి బస్టాండ్‌లో రాత్రి గడపవలసి వచ్చిన మనిషికి, బస్టాండ్ ఎదురుగా ఏముంటుందో చెప్పనవసరం లేదు. బస్టాండ్‌లో ఎవరైనా వచ్చి తీసుకుపోతారా అని అడగడానికి మొహమాటపడకండి. చాలామంది సంతోషంగా వస్తారు.

మొదటి మీటింగ్‌లో ఏం జరుగుతుంది

కుర్చీలు వరుసగానో, గుండ్రంగానో ఉంటాయి. చాయ ఉంటుంది. కాసేపు మౌనం, తర్వాత బృందం ఉద్దేశాన్ని చెప్పే నాలుగు వాక్యాలు ఒకరు చదువుతారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ తమ పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ను" అని మొదలుపెట్టి, తాము ఎలా తాగారో, ఏం పోగొట్టుకున్నారో, ఇప్పుడు ఎలా ఉన్నారో చెబుతారు. దీన్ని షేరింగ్ అంటారు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ అడ్డు తగలరు, సలహాలు ఇవ్వరు, తీర్పు చెప్పరు. మన కులపంచాయితీల్లో, పెద్దమనుషుల ఒప్పందాల్లో తిట్లు తిని వచ్చినవారికి ఇది మొదట వింతగా ఉంటుంది. మీ వంతు వస్తే "ఈ రోజు వింటాను" అంటే సరిపోతుంది.

అక్కడ తరచుగా వినిపించే మాట 'ఈ ఒక్క రోజు'. జీవితాంతం తాగనని ఒట్టు పెట్టమని ఎవరూ అడగరు. ఈ ఇరవై నాలుగు గంటలు తాగకుండా గడపడమే లెక్క. పిల్లల తల మీద చేయి వేసి ఒట్లు పెట్టి, అవి తప్పి, ఆ సిగ్గుతో మళ్లీ తాగిన మనిషికి ఈ చిన్న లెక్క ఎంత ఊరటనిస్తుందో చూస్తేనే తెలుస్తుంది.

ఈ మీటింగ్ మీకు సరైనదేనా

ఒక్కసారి పోయి "నాకు పడలేదు" అని వదిలేయడం సర్వసాధారణం. కుటుంబసభ్యుల బృందమైన అల్-అనాన్‌లో, ఆరు మీటింగ్‌లకైనా వచ్చి చూశాక నిర్ణయించుకోండని కొత్తవారికి చెబుతారు. తాగుడు మానేవారికి కూడా ఆ లెక్క పనికివస్తుందని నా అనుభవం. వీలైతే ఆ ఆరూ ఒకే చోట కాకుండా రెండు మూడు బృందాల్లో చూడండి. ఒకే సంస్థ కింద ఉన్నా ఒక బృందానికీ మరొక బృందానికీ వాతావరణంలో చాలా తేడా ఉంటుంది. ఒకచోట అంతా ఉద్యోగస్తులు, ఇంగ్లీషు కలిపిన తెలుగు. మరొకచోట ఆటో నడిపేవారు, మేస్త్రీలు, రైతులు. మీ కథ వంటి కథ వినిపించే చోటు మీది.

మంచి బృందాన్ని గుర్తుపట్టడానికి నేను చూసేది ముఖ్యంగా మూడు విషయాలు. పదేళ్లుగా మానేసినవారూ, పది రోజుల క్రితం మానేసినవారూ ఇద్దరూ అక్కడ ఉండాలి. అందరూ పాతవారే ఉన్న చోట కొత్తవాడు అతిథిలా మిగిలిపోతాడు, అందరూ కొత్తవారే అయితే దారి చూపేవారు ఉండరు. మళ్లీ తాగి వచ్చినవాణ్ణి ఎలా చూస్తారన్నది రెండోది. స్లిప్ అయిన మనిషి తలుపు దగ్గర తల వంచుకుని నిలబడితే, కుర్చీ జరిపి కూర్చోమనేది మంచి బృందం. మూడోది, మీటింగ్ అయిపోయాక ఏం జరుగుతుంది? చాయ తాగుతూ కాసేపు నిలబడి, ఫోన్ నంబర్లు ఇచ్చి, "రాత్రి మనసు గుంజితే ఎప్పుడైనా చెయ్యి" అని చెప్పేవారు ఇద్దరు ముగ్గురైనా ఉండాలి. గంట మోగినట్లు లేచి ఎవరి దారిన వారు పోయే చోట తోడు దొరకదు.

వెంటనే లేచి రావలసిన చోట్లు కూడా ఉంటాయి. ఫీజు అడిగితే, ఏవైనా మందులో మూలికలో అమ్మితే, అప్పు అడిగితే, ఓట్ల మాట ఎత్తితే అది మీరు వెతికే చోటు కాదు. డాక్టరు రాసిన మందులు ఆపేయమని ఎవరైనా చెబితే, ఎంత అనుభవం ఉన్నవాడైనా వినకండి. సభ్యులు డాక్టర్ల అవతారం ఎత్తకూడదన్నది ఏఏ స్వయంగా చెప్పే మాట. ఫిట్స్ మందు, డిప్రెషన్ మందు వాడేవారు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. మీటింగ్‌లో విన్న మరొకరి కథను బయట పేరు పెట్టి చెప్పేవాడు రేపు మీ కథనూ చెబుతాడు. కొత్తగా వచ్చిన స్త్రీలకు పురుష సభ్యులు చనువుగా ఫోన్లు చేసే చోటైతే రెండో ఆలోచన అక్కర్లేదు.

గోప్యత గురించి ఇంకొక మాట. చిన్న పట్టణంలో మీటింగ్ గదిలో మీ బావమరిదో, ఆఫీసు గుమస్తానో కనిపించే అవకాశం ఉంటుంది. అతనూ మీ లాగే వచ్చాడని గుర్తుంచుకుంటే సగం భయం పోతుంది. మిగతా సగం పోకపోతే, పక్క పట్టణం మీటింగ్‌కు పోవడంలో తప్పేమీ లేదు.

రెండు మూడు నెలలు గడిచాక ఒక బృందాన్ని మీ 'హోమ్ గ్రూప్', అంటే క్రమం తప్పకుండా పోయే సొంత బృందం చేసుకుని, అందులో కొన్నేళ్లుగా నిలకడగా ఉన్న ఒకరిని స్పాన్సర్‌గా, అంటే దారి చూపే తోడుగా ఉండమని అడగండి. పురుషులు పురుషుణ్ణి, స్త్రీలు స్త్రీని అడగడం పద్ధతి. స్పాన్సర్ మీకు డబ్బు సర్దడు, ఉద్యోగం ఇప్పించడు. దసరా నాడు ముక్కా సుక్కా లేని పండుగ ఎలా గడపాలో, కురుమూర్తి జాతరకో, పెద్దగట్టుకో పోయినప్పుడు చుట్టాలు గ్లాసు ముందు పెడితే ఏమనాలో అతనికి తెలుసు. ఈ పండుగల ముందు వారంలో రెండు మీటింగ్‌లు అదనంగా పెట్టుకోవడం మంచిది.

స్త్రీలు, ఇంటివారు

మన దగ్గర కల్లు తాగే స్త్రీలు తక్కువేమీ కాదు, కానీ మీటింగ్ గదిలో స్త్రీలు కనిపించడం అరుదు. పదిమంది మగవాళ్ల మధ్య ఒక్కతే కూర్చోవలసి వస్తుందని వెనుకాడే అక్కలు, ముందుగా ఫోన్‌లో స్త్రీ సభ్యురాలితో మాట్లాడించమని అడగాలి. స్త్రీల కోసమే జరిగే ఆన్‌లైన్ మీటింగ్‌లు కూడా ఉన్నాయి.

తాగేవారి భార్యలకు, తల్లిదండ్రులకు 1951లో మొదలైన అల్-అనాన్, పిల్లలకు 1957లో మొదలైన అలటీన్ ఉన్నాయి. భర్త ఇంకా మానకపోయినా భార్య పోవచ్చు. ఆమె అక్కడికి పోయేది భర్తను మాన్పించే చిట్కా కోసం కాదు. అతను తాగినందుకు తనను తాను నిందించుకోవడం ఆపడానికి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టికెట్ డబ్బు లేకపోవడం ఈ విషయంలో పెద్ద సాయం. ఆధార్ కార్డు వెంట ఉంచుకోండి. కర్నూలు, రాయచూరు పోయేవారికి రాష్ట్ర సరిహద్దు దాకే అది వర్తిస్తుంది.

ఫోన్‌లో మీటింగ్

కరోనా కాలం నుంచి ఆన్‌లైన్ మీటింగ్‌లు బాగా పెరిగాయి. దేవరకొండ తండాలో ఉన్నా, అచ్చంపేట దాటి నల్లమలలో ఉన్నా, సిగ్నల్ ఉంటే చాలు. వీడియో ఆపేసి, పేరు బదులు ఒక అక్షరం పెట్టుకోవచ్చు. ఇయర్‌ఫోన్ తప్పనిసరి, ఎందుకంటే స్పీకర్‌లో వింటే ఇతరుల గోప్యతకు భంగం. పొలం గట్టు మీద, బావి దగ్గర కూర్చుని వినేవారున్నారు. అయితే మొదటి నెలల్లో ఇదొక్కటే సరిపోదు. తెరలో కనిపించే మనిషి మీ నోటి వాసన పట్టలేడు, భుజం మీద చేయి వేయలేడు. వారంలో రోజూ ఆన్‌లైన్, నెలకు రెండుసార్లయినా బస్సెక్కి ఎదురుగా కూర్చునే మీటింగ్, ఇలా కలుపుకోవడం మన ప్రాంతానికి నప్పుతుంది.

దగ్గరలో ఏదీ లేకపోతే

ఇద్దరు ముగ్గురు కలిసి, తాగకుండా ఉండాలన్న ఒక్క ఉద్దేశంతో కూర్చుంటే అదే ఒక బృందమని ఏఏ సంప్రదాయం చెబుతుంది. మీకు కనీసం కొన్ని నెలల నిలకడ వచ్చాక, హైదరాబాద్‌లోనో కర్నూలులోనో మీరు పోతున్న బృందంలోని పాత సభ్యుల సాయంతో మీ పట్టణంలోనే ఒకటి మొదలుపెట్టవచ్చు. ఎవరి ఇంట్లోనూ పెట్టకండి. ఇల్లంటే ఆ ఇంటి కులమూ, ఆ ఇంటి పార్టీ కూడా వెంట వస్తాయి. బడి గదో, గ్రంథాలయమో, ఆసుపత్రిలో ఖాళీగా ఉండే హాలో అడగండి. అద్దె కొంచెమైనా సరే ఇవ్వండి, ఉచితంగా తీసుకుంటే రేపు ఎవరైనా ప్రారంభోత్సవానికి వస్తామంటారు. వారాన్ని, వేళను ఒకసారి పెట్టాక మార్చకండి. అంగడి రోజును, కోతల కాలాన్ని చూసుకుని పెట్టుకోండి. మానసిక వైద్య విభాగంలోని కౌన్సెలరుకు ఆ వివరాలు రాసి ఇవ్వండి.

మొదటి వారాల్లో ఎవరూ రాకపోవచ్చు. అయినా చెప్పిన వేళకు గది తెరిచి, దీపం వేసి, చాయ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని గంటసేపు కూర్చుని, వేళ కాగానే తాళం వేసి రండి. తాళం వేసి ఉన్న తలుపును చూసి ఎవరూ వెనక్కి తిరిగిపోకుండా ఉండాలి.